మూడో పిలుపు

బంట్రోతు లవంగం బుగ్గన పెట్టుకుని, కోర్టు హాలు గుమ్మం బయట నడుం నిటారుగా చేసి, ఆ పూట పదకొండో కేసు పిలిచాడు. ఆయన గొంతంటే మాటలా! విడాకుల కోర్టు వరండాలో ఒక్క కేక వేస్తే, మూడు వీధుల అవతల పడుకున్న కుక్క కూడా లేచి హాజరు పలికేది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. కేసుకి మూడు పిలుపులు, పిలుపుకో లవంగం. మూడింటికీ పలక్కపోతే, రాని మనిషి మాట వినకుండానే తీర్పు రాసేస్తారు. ఆయన మూడోది ఎంతకీ పిలవడని ప్లీడర్లు ఆయనకే 'మూడో పిలుపు' అని పేరు పెట్టారు. ఇవాళ ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు.

"భార్య ఉందా?" అని రెండోసారి పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. భర్త మాత్రం నలగని చొక్కాతో ముందు వరసలో కూర్చున్నాడు. విడాకులతో పాటు ఆరేళ్ల కూతురిని కూడా తనకే ఇప్పించమని అతని అర్జీ.

"ఇక కానివ్వవయ్యా, ఆవిడ రాదులే," అన్నాడు అతని ప్లీడరు.

"రెండే అయ్యాయండీ. మూడోది ఇంకా నా నోట్లోనే ఉంది."

"అయితే మింగెయ్యి."

"లవంగమైతే మింగుదునండీ."

కోర్టు గుమాస్తా గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "బాబాయ్, జడ్జిగారు గడియారం చూస్తున్నారు. ఇవాళైనా మాట పడకుండా ఇంటికెళ్లు."

"చూడనీ అమ్మాయ్. ఇన్నేళ్లు పడ్డ మాటల మీద ఇదొకటి కొసరు."

అంటూనే మెట్లు దిగసాగాడు. నలభై రెండు మెట్లు. మోకాళ్లు ఒక్కో మెట్టుకీ గొణిగాయి. ఆయన ఈ ఉద్యోగంలో చేరకముందు, ఇలాంటి గుమ్మంలోనే ఇంకో బంట్రోతు ఆయన అక్క పేరు ఒక్క ఊపిరిలో మూడుసార్లు పిలిచి చేతులు దులుపుకున్నాడు. అక్క అప్పుడు కుళాయి దగ్గర నీళ్లు తాగుతోంది. కూతురిని తండ్రికిచ్చేసిన ఆ తీర్పు కొట్టేయించడానికి రెండేళ్లు పట్టింది. తిరిగొచ్చిన కూతురు ఆమెను "అమ్మా" అనలేదు. "మీరు" అంది.

కింద రాజీ గది బయట, బెంచీ మీద ఒకామె కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు అడిగాడు. ఆమే.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"పోయినసారి ఇక్కడే కూర్చోమన్నారండీ. తొమ్మిదింటి నుంచీ ఉన్నాను."

"పోయినసారి మిమ్మల్ని కలుపుదామని కూర్చోబెట్టారు. కుదరలేదని రాసి కేసు పైకి పంపేశారు. ఇక వాయిదాలన్నీ పైనే. నీ జవాబు దాఖలు చేశావా?"

"నాకు ప్లీడరు లేడండీ."

"ఉచితంగా ఇప్పించమని అడుగు. జవాబుకి గడువు అడుగు. అది నీ హక్కు, బతిమాలుకోవడం కాదు. ముందు మాత్రం గట్టిగా 'ఉన్నాను' అను."

పైకి చేరేసరికి ఆయనకు ఊపిరి అందలేదు. ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. కుక్క మాట ఉత్త కోత. ఆయన గొంతు నాలుగేళ్ల కిందటే పోయింది. ఎంత అరిచినా మెట్ల మలుపు దాకా వినిపిస్తే గొప్ప. అందుకే దిగి వెళ్లి పిలిచేవాడు. ఇప్పుడు పక్కనే నిలబడ్డ మనిషిని, గాలిలాంటి గొంతుతో, మూడోసారి పిలిచాడు.

"ఉన్నాను!" అందామె. చూరు మీది పావురాలు లేచిపోయాయి.

"ఎక్కడికి పోయావయ్యా?" అన్నాడు జడ్జి.

"పిలవడానికండీ."

"గుమ్మంలో నిలబడి పిలవాలి."

"మూడుసార్లు పిలవమని రాశారండీ. ఎక్కడ నిలబడాలో రాయలేదు."

జడ్జి ఆయనను ఎగాదిగా చూసి, ఆమె వైపు తిరిగాడు. నెల గడువు, ఉచిత ప్లీడరు. అప్పటిదాకా పాప తల్లి దగ్గరే.

సాయంత్రం ఆయన భుజం మీది ఎర్ర పట్టీ విప్పి, మడతపెట్టి గుమాస్తా బల్ల మీద ఉంచాడు. "వస్తా అమ్మాయ్." ఆమె రాస్తున్న వాక్యం ముగించి తలెత్తేసరికి వరండా ఖాళీ.

మర్నాటి నుంచి గుమ్మం పైన మైకు పెట్టారు. రెండో పిలుపు కాగానే గుమాస్తా దాని మీట ఆపేసి, కిందికి వెళ్లి చూసొస్తోంది. జడ్జి గడియారం చూస్తూనే ఉన్నాడు.

కుక్క సంగతి ఎటూ చెప్పేశాను. ఇక మిగిలింది మెట్లు. అవి ఇరవై ఒకటే. దిగినవీ ఎక్కినవీ కలిపి నేనే నలభై రెండు చేశాను. వరండా కిటికీ గూట్లో ఆయన మర్చిపోయిన డబ్బీ మాత్రం నిజం. అడుగున ఒక్క లవంగం ఉంది.