బొప్పాయి కంపెనీ ఎర్ర బిళ్ళ

సుత్తి పైకి లేచింది, దిగింది. రికార్డు నడుమ ఆనించిన ఇనుప గుండ్రం మీద ఒక్క దెబ్బ పడగానే కాగితం అంటించిన నడిమి బిళ్ళ ఊడి కింద పడింది. రెండో దెబ్బకు మిగిలిన నల్లటి చక్రం చెక్కలు చెక్కలయింది. బాన్‌హోక్ ఆ చెక్కల్ని కాలితో గంపలోకి తోసి ఇంకో రికార్డు అందుకున్నాడు. పొద్దున్నే గంజి కూడా తాగలేదు. గొంతులోకి నల్లటి నుసి మాత్రం అప్పుడే దిగిపోయింది.

సాన్‌చొంగ్‌ ఊళ్ళో నది ఒడ్డు సందులో ఉన్న బొప్పాయి రికార్డుల కంపెనీ అంటే ఏదో పెద్ద మేడ అనుకునేరు. ముందు ఒక గది, వెనక ఒక రేకుల షెడ్డు, అంతే. ముందు గదిలో పాటలు పుడతాయి, వెనక షెడ్డులో చస్తాయి. యజమాని ఖో జిన్‌టెక్ తన వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషలో పాడేవాళ్ళనందరినీ పట్టుకొచ్చి రికార్డులు వేసేవాడు. వీధుల్లో మందులమ్మేవాళ్ళ పాటలు, శవం ముందు ఏడ్చే ఆడవాళ్ళ పాటలు, మొగుడూ పెళ్ళాల తగవుల పాటలు. అమ్ముడుపోయినవి పోగా మిగిలినవి కొట్ల నుంచి పెట్టెలతో తిరిగొచ్చేవి. వాటిని పగలగొట్టి, పిండిచేసి, కరిగించి కొత్త రికార్డు అచ్చు వేసేవారు. పోయిన నెల శవం దగ్గర ఏడ్చిన పాటే వచ్చే నెల పెళ్ళిపాటై కూర్చునేది.

ఆ పగలగొట్టే పని బాన్‌హోక్‌ది. ఒకప్పుడు అచ్చుయంత్రం దగ్గర నిలబడేవాడు. ఒకరోజు ఆవిరితో కాలే దాని రెండు పలకలు అతని ఎడమచేతి మీద మూసుకున్నాయి. తెరిచేసరికి వేళ్ళు సగం లేవు. ఖో అతణ్ణి వెళ్ళగొట్టలేదు, సుత్తి ఇచ్చి షెడ్డులో కూర్చోబెట్టాడు. ఆ వేళ్ళు లేని చెయ్యి చూడలేక పెళ్ళాం ఉప్పు పడవవాడితో వెళ్ళిపోయింది. అప్పటి నుంచి షెడ్డులోనే గోనెపట్టా, షెడ్డులోనే గంజి. పొద్దస్తమానం కొట్టడం, రాత్రి చేతులు పీకుతుంటే కాపడం పెట్టుకోవడం. అతని బతుకులో చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

ఒక్క సుఖం మాత్రం ఉండేది. ముందు గదిలో పాట రికార్డవుతున్నంతసేపూ షెడ్డు గుమ్మం మీద ఎర్ర దీపం వెలిగేది. దీపం వెలిగితే సుత్తి ఎత్తకూడదు. గోడలకు ఎన్ని బొంతలు కట్టినా చప్పుడు లోపలికి పోతుంది మరి. అప్పుడు బాన్‌హోక్ సుత్తి ఒళ్ళో పెట్టుకుని, గోడకు తల ఆనించి కూర్చునేవాడు. అతను పాటలు విన్నది అప్పుడే. ఒక్కో పాటకూ ఒక్కో బిళ్ళను తీగకు గుచ్చి మేకుకు తగిలించుకునేవాడు. సగానికి కోసిన బొప్పాయి బొమ్మతో అన్నీ పసుపు బిళ్ళలే. కుర్చీ ఊగినా, బల్ల ఊగినా కాలి కింద పెట్టడానికి ఆ తీగలోంచే ఒకటి లాగేవారు. అతనేమీ అనేవాడు కాదు.

ఆ రోజు కంపెనీలో ఏడాది చివరి విందు. యజమాని తెల్లారకముందే భూమితాత దేవుడి ముందు అగరొత్తులు వెలిగించి తిన్నగా షెడ్డులోకి వచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమోయ్, ఆ మూల పెట్టెలు ముందు కానిచ్చెయ్. సాయంత్రం నల్లదున్న విందుకొస్తున్నాడు. ఒక్కటి కంటబడిందో, మన తోలు తీసి డప్పు కడతాడు."

బాన్‌హోక్ పెట్టె మూత లేపి చూశాడు. లోపలన్నీ ఎర్ర బిళ్ళల రికార్డులు. గ్వేహా పాడినవి.

నల్లదున్న అంటే వంతెన కింద సారా కొట్లన్నీ ఏలే రౌడీ. అసలు పేరు ఎవరికీ తెలియదు, అడిగే దమ్ము ఎవరికీ లేదు. తను ఉంచుకున్న గ్వేహా చేత పాట పాడించి, డబ్బు తనే పెట్టి రికార్డు వేయించాడు. అందరికీ ఉన్న పసుపు బిళ్ళ తన మనిషికి వద్దన్నాడు, ఎర్రది కావాలన్నాడు. బొప్పాయి కంపెనీ వేసిన వాటిలో ఎర్ర బిళ్ళ అదొక్కటే. వేశారు కానీ కొనే నాథుడు లేడు. ఖో పిరికివాడు. నల్లదున్న అడిగినప్పుడల్లా "ఎగబడి కొంటున్నారన్నా" అంటూ వచ్చాడు. నిన్న పెట్టెలన్నీ తిరిగొచ్చాయి.

ఎండెక్కాక షెడ్డు వెనక తలుపు తోసుకుని గ్వేహా వచ్చింది. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి తలుపు మూసింది.

"బాబాయ్, నావి వచ్చాయా?"

"వచ్చాయమ్మా. కొట్టేస్తున్నా."

"అన్నీ కొట్టెయ్. ఒక్క ముక్క మిగలకూడదు." ఆమె పెట్టె మూత లేపింది. "నాకు ముందు వాడి దగ్గరున్న పిల్ల మొహం చూశావుగా? చెవి నుంచి నోటి దాకా కోశాడు. ఎవరో నవ్వారట, ఆ పిల్ల వల్ల పరువు పోయిందట. నా పాట ఎవరూ కొనలేదని తెలిస్తే నా పీక కోస్తానన్నాడు. పీకే గదా పాడిందీ అన్నాడు."

బాన్‌హోక్‌ సుత్తి పక్కన పెట్టాడు. మోడు చేత్తో పీట ముందుకు జరిపాడు. ఆమె కూర్చోలేదు. గోడకున్న రెండో సుత్తి తీసుకుని, తన రికార్డొకటి రాతిపలక మీద పెట్టి, పళ్ళు బిగించి కొట్టింది. అది పగల్లేదు, చివర చిట్లి ఎగిరి ఆమె మణికట్టు చీరేసింది.

"అట్లా కాదమ్మాయ్. ముందు బిళ్ళ ఊడగొట్టాలి. కాగితం కలిస్తే కొత్త పాట చిటపటలాడుతుంది."

"నా పాట చస్తుంటే నీకు కొత్త పాట బెంగా!" అంటూనే ఆమె నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి కొట్టారు. ఒక దెబ్బకు బిళ్ళ, ఒక దెబ్బకు చక్రం. ఆమె చేతి నెత్తురు రాతిపలక మీద పడి నల్లటి నుసిలో కలిసింది. చివరికొచ్చేసరికి ఆమె కొట్టే తీరు చూస్తే భయం వేసింది. నల్లదున్న తలకాయే అక్కడ ఉన్నట్టు కొడుతోంది. గొంతులోంచి ఏదో మూలుగు వస్తోంది, అది ఆ పాట వరసే.

ఆ పాట బాన్‌హోక్‌కు తెలుసు. అది రికార్డు చేసిన రోజు ఎర్ర దీపం పొద్దుగూకేదాకా ఆరలేదు. ఆమె మధ్యమధ్యలో ఏడుపొచ్చి ఆగిపోయేది, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. అంత సేపు అతను ఏనాడూ ఖాళీగా కూర్చోలేదు. ఆ రోజు అతనికి చేతులు పీకలేదు.

ఆమె వెళ్ళిపోయాక ఎర్ర బిళ్ళలన్నీ దోసిళ్ళతో తీసుకెళ్ళి బాయిలర్ పొయ్యిలో వేశాడు. ఒకటి మాత్రం వెయ్యబుద్ధి కాలేదు. ఒక్కటే కదా, ఎవడు చూస్తాడనుకున్నాడు. దాన్ని తీగ చివర గుచ్చి పసుపు బిళ్ళల వెనక్కి తిప్పి పెట్టాడు.

సాయంత్రం ముందు గదిలో గుండ్రటి బల్ల వేశారు. యజమాని భార్య పెరట్లో కోడిపుంజు మెడ తిప్పి, కోసి, తల తీయకుండా నిండుగా ఉడికించి తెచ్చింది. ఆ విందులో కోడి తల ఎవరి వైపు తిరిగి ఉంటే వాళ్ళకు మర్నాటి నుంచి పని ఉండదు. అందుకే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు అన్నం మీద చూపు పెట్టలేదు, ఆ పళ్ళెం మీదే పెట్టారు. ఖో పళ్ళెం అందుకుని తల తన వైపే తిప్పుకున్నాడు. అందరూ హమ్మయ్య అని ఊపిరి వదిలి గిన్నెలు లేపారు.

నల్లదున్న ఇద్దరు మనుషులతో వచ్చి గ్వేహాను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గదంతా కలయజూశాడు.

"ఏవోయ్ ఖో, మా దాని పాట ఒక్కటి కూడా మిగల్చలేదా? నేనొకటి పట్టుకుపోదామంటే!"

"ఎక్కడివన్నా! అన్నీ పోయాయి. మందుకైనా లేవు."

నల్లదున్న మురిసిపోయి బల్ల మీద గుద్దాడు. బల్ల ఒక పక్కకు ఒరిగింది, వేడి పులుసు గిన్నె వాడి ఒళ్ళోకి దొర్లింది. వాడు కెవ్వుమని లేచి పక్కనున్న మనిషి చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఊగే బల్లేస్తార్రా నాకు?"

"ఒరేయ్ బాన్‌హోక్! కాలి కింద ఏదైనా పెట్టు, తొందరగా!" ఖో గావుకేక పెట్టాడు.

బాన్‌హోక్ షెడ్డులోకి పరుగెత్తాడు. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పని. చెయ్యి దానంతటదే తీగ చివరికి పోయింది, బిళ్ళ లాగింది. వచ్చి, వంగి, బల్లకాలి కింద దూర్చాడు. లేచి నిలబడ్డాక గ్వేహా మొహం చూశాడు. అప్పుడు తెలిసింది ఏం చేశాడో.

నల్లదున్నకు చదువు రాదు. రంగు మాత్రం తెలుసు. పంచె తుడుచుకుంటూ కిందకు చూసి, వంగి, ఆ ఎర్ర బిళ్ళ ఊడలాగాడు.

"ఇదేంటిరా?" వాడు నెమ్మదిగా అడిగాడు. కత్తి పిడి మీదకు చెయ్యి పోయింది. చూపు గ్వేహా మీదకు తిరిగింది. "తిరిగొచ్చాయా నీవి? ఎవడూ కొనలేదా?"

గ్వేహా నోరు తెరిచింది.

"తిరిగి రాలేదయ్యా," అన్నాడు బాన్‌హోక్. ఆ గదిలో అందరి ముందూ అతను మాట్లాడడం అదే మొదలు. "కొట్లకు పంపాల్సిన కొత్త పెట్టెలవి. తాగి ఉన్నా. పాతవనుకుని కొట్టేశా. యజమానికి తెలియదు. అమ్మాయికీ తెలియదు."

"నువ్వా? నా మనిషి పాటని?"

"అవునయ్యా. నేనే."

"బాబాయ్..." అంది గ్వేహా.

"నువ్వూరుకో అమ్మా. తప్పు నాది," అని కసిరాడు. నిజమే, ఒక రకంగా తప్పు అతనిదే. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

ఖో గబుక్కున పళ్ళెం తిప్పాడు. కోడి తల బాన్‌హోక్ వైపు నిలిచింది. "తీసేశానన్నా! ఈ క్షణమే తీసేశా. పొమ్మను వీణ్ణి, పోనీ!" అని బతిమాలాడు. కాపాడదామనే చేశాడో, తను తప్పుకుందామనే చేశాడో ఆ దేవుడికే ఎరుక.

"పనిలోంచి తీస్తే నాకేం ఒరుగుద్ది?" నల్లదున్న తన మనుషులకు సైగ చేశాడు. "వీడి సుత్తి పట్రాండి."

షెడ్డులోకి ఈడ్చుకెళ్ళారు. రాతిపలక మీద మంచి చెయ్యి పెట్టించి మొదట దాన్ని కొట్టారు. అతను అరిచాడు. తర్వాత భుజం, పక్కటెముకలు, చివరికి చెవి పైన ఒకటి. ఆ దెబ్బకు అరుపు ఆగిపోయింది. గోడకు కట్టిన బొంతలు ఎంత మందమైనా ముందు గదిలోకి అన్నీ వినబడ్డాయి. గ్వేహా గిన్నెలో అన్నం వంకే చూస్తూ కూర్చుంది. కదిలితే అతను పడ్డ దెబ్బలన్నీ బూడిదలో పోసిన పన్నీరవుతాయని ఆమెకు తెలుసు. పెదవి కొరుక్కుంటే నోట్లోకి నెత్తురొచ్చింది, మింగేసింది.

నల్లదున్న చేతులు కడుక్కుని ఎర్ర బిళ్ళను నేలకేసి కొట్టాడు. "రేపే మళ్ళీ అచ్చెయ్యి. ఆ పిండితోనే. ఎర్ర బిళ్ళే." గ్వేహా రెక్క పట్టుకుని తీసుకుపోయాడు. ఆమె పీక మీద గీత పడలేదు.

యజమాని భార్య దీపం పట్టుకుని గిన్నెలో కోడి పులుసు తెచ్చేసరికి బాన్‌హోక్ గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదకు కారుతోంది. ఏది ఎటో తెలియనట్టు చూస్తున్నాడు.

"ఎర్ర దీపం వెలిగిందామ్మా?"

ఆమె గుమ్మం పైకి చూసింది. దీపం ఆరే ఉంది. ఆమెకు ఏడుపు ఆగలేదు. "వెలిగింది, అన్నా. వెలిగే ఉంది."

"అయితే కొట్టగూడదు," అన్నాడు. నుజ్జయిన చెయ్యి మోడు చెయ్యి పక్కన ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు గదివైపు చెవి పెట్టి విన్నాడు. పులుసు మీద ఆవిరి పోయేదాకా ఆమె పిలుస్తూనే ఉంది. అతను ఇక పలకలేదు.

ఆమె ముందు గదిలోకి వచ్చి, ఎవరూ ముట్టని కోడి పళ్ళెం తీసి, బల్ల తుడిచింది. బల్ల ఊగింది. తుడుపు ఆపి, నేల మీద వెతికి, మూల పడి ఉన్నదాన్ని తీసుకొచ్చి కాలి కింద దూర్చింది. బల్ల కదలకుండా నిలబడింది, దాని కాలి కింద ఎర్ర బిళ్ళ, గ్వేహా పేరున్న వైపు నేలకు ఆనుకుని ఉంది.