సున్నాకి పది టకటకలు

ఇస్త్రీ చేసిన మొగుడి చొక్కాలు సర్దుదామని బీరువా కింది అర తెరిస్తే, కొత్త కోడలికి ఒక పాత నల్ల టెలిఫోన్ దొరికింది. పెళ్లయి ఇంకా మూడు నెలలు నిండలేదు. ఆ ఇంట్లో ఏది దొరికినా ఆమెకి సంబరమే. మొగుడి మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు దొరికిన రోజైతే, లెక్కల్లో అతని మార్కులు చూసి సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది. ఇప్పుడు ఆ ఫోన్‌ని పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, ఎంత బరువుందో! దీంతో గంటసేపు కబుర్లు చెప్తే చెయ్యి పడిపోదూ?"

"గంటా? మూడు నిమిషాలు దాటితే నేనే మధ్యలో దూరి టైమైపోయిందండీ అనేదాన్ని" అంది అత్తయ్య, చేతులు తుడుచుకుంటూ. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎదుటి బోర్డు మీద ఒక కన్నంలోంచి తీగ పీకి ఇంకో కన్నంలో గుచ్చుతూ, ఊళ్లో ఎవరింట బిడ్డ పుట్టినా ఎవరికి ఉద్యోగం వచ్చినా ఆ కబురుని దాటించింది ఆవిడ చేతులే.

కోడలు డయల్ తిప్పబోయింది. కదల్లేదు. వేలు పెట్టే కన్నాల్లో ఒకదానికి గోరంత తాళం వేలాడుతోంది.

"ఫోన్‌కి తాళమేంటి అత్తయ్యా!"

"మీ మామయ్య వేశారు. తాళంచెవి ఆయన స్కూటర్ తాళాలతో పాటు ఆఫీసుకెళ్లేది. 'డ్యూటీలో అందరి మాటలూ కలుపుతావు, చాలదా? ఇంట్లో కూడా నీకు ఫోనెందుకే' అనేవారు. నవ్వుతూనే అనేవారులే. చెడ్డమనిషి కాదు."

ఆ చెడ్డమనిషి కాని మామయ్యే ఇప్పుడు రోజూ పార్కులో నడుస్తూ వీడియో కాల్ చేసి, తెర నిండా తన చెవి ఒక్కటే చూపిస్తూ, "నా కళ్లజోడు ఇంట్లో ఉందేమో చూడు" అని అరుస్తారు. ఆ చెవి మీద కళ్లజోడు కాడ నిక్షేపంలా కనిపిస్తూనే ఉంటుంది.

"మరి మీరేం చేసేవారు?"

అత్తయ్య వీధి గుమ్మం వైపు ఒకసారి చూసింది. ఇంట్లో ఇద్దరే ఉన్నా అలవాటు పోలేదు. రిసీవరు తీసి, అది పెట్టే చోట ఉన్న మీటని వేలితో టకటకా కొట్టింది. "డయల్‌తో పనిలేదు. నాలుగుకి నాలుగు టకటకలు, ఏడుకి ఏడు, సున్నాకి పది. ఎక్స్‌ఛేంజ్‌లో లైన్‌మన్ చెప్పాడు. మా అమ్మ ఇంటి కింద మందుల షాపులో ఫోనుండేది. ఆఖరి అంకె తొమ్మిది. ఒక్క టక తగ్గిందంటే టైలర్ షాపుకి పోయేది. ఆయన పాపం 'మళ్లీ మీరేనా అమ్మా? ఈసారి నిదానంగా కొట్టండి' అని పెట్టేసేవాడు."

కోడలు పడీపడీ నవ్వింది. "అబ్బ, మామయ్యగారిని భలే గెలిచారు!"

అత్తయ్య నవ్వలేదు. రిసీవరు దాని చోట పెట్టేసింది. "గెలవడమేంటమ్మాయ్. కన్నతల్లితో మాట్లాడటానికి పదకొండేళ్లు దొంగనయ్యాను."

కోడలికి తన ఫోన్ సంగతి గుర్తొచ్చింది. పెళ్లయిన వారానికి మొగుడు ఆమె ఫోన్ తీసుకుని ఏదో నొక్కి, ఆమె ఎక్కడుంటే అక్కడ తన ఫోన్ మ్యాపులో నీలం చుక్క కనబడేలా చేసుకున్నాడు. "ఆఫీసులో బోరు కొడితే నిన్ను చూసుకుంటా" అన్నాడు. ఆమె మురిసిపోయింది. 'చుక్కగారు కూరగాయల బజారు చేరారు' అని మెసేజ్ వస్తే అక్కడే నిలబడి చదువుకుని, ఎర్రబడిన మొహంతో బెండకాయలు ఏరేది. అంత ముద్దుగా కనిపెట్టుకునేవాడు ఎంతమందికి దొరుకుతాడు అనుకునేది. పోయిన వారం మాత్రం ఫోన్ చేసి, "పోస్టాఫీసు దగ్గర పాతిక నిమిషాలు ఏం చేశావ్?" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఊరికే అడిగాడు. పోస్టాఫీసు మెట్ల మీద ఆమె చేసింది ఏమీ లేదు. సంచి పక్కన పెట్టుకుని, ఎవరికీ కోడలూ పెళ్లామూ కాకుండా కాసేపు కూర్చుంది. అదే అందులో రుచి. కానీ ఏమీ చెయ్యలేదన్న మాట నోటికి రాలేదు. "స్టాంపులు కొన్నాను, క్యూ ఉంది" అంది. ఆ రోజు నుంచి బజారు నుంచి నేరుగా ఇంటికే వస్తోంది. అంత మంచి మొగుడికి ఇంత చిన్న అబద్ధం ఎందుకు చెప్పానా అని వారమంతా అనుకుంటోంది.

"అత్తయ్యా, నేను బజారుకెళ్లొస్తా. ఫోన్ ఇక్కడే మీ దగ్గర వదిలేసి వెళ్తే..." అని చుక్క సంగతంతా చెప్పేసింది. "చుక్క ఇంట్లోనే ఉంటుంది. నేను హాయిగా తిరిగొస్తా. ఎలా ఉంది నా ఐడియా?"

అత్తయ్య నల్ల ఫోన్ మీటని వేలితో ఒక్కసారి కొట్టింది. టక్.

కోడలు తన ఫోన్ తీసుకుని అక్కడే నిలబడి చుక్కని ఆపేసింది. 'చుక్క ఆపేశాను. నీ మీద కోపం లేదు. ఎక్కడున్నానో అడుగు, చెప్తా' అని మొగుడికి మెసేజ్ పెట్టింది. సంచీ, ఫోనూ రెండూ పట్టుకుని బయల్దేరింది.

బజారు చివర ఉండగా ఫోన్ మోగింది. ఆమె వెంటనే ఎత్తలేదు. పోస్టాఫీసు దాకా నడిచి, మెట్టెక్కి, సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాక ఎత్తింది.

అటు నుంచి మొగుడే. "ఏమైంది నీకు? నేనేమైనా అన్నానా?" అన్నాడు. గొంతు చిన్నబోయి ఉంది. ఆమెకి జాలేసింది, ముద్దూ వచ్చింది. అయినా మెట్టు మీంచి లేవలేదు.

"సరే... ఎక్కడున్నావ్?"

"పోస్టాఫీసు మెట్ల మీద."

"ఏం చేస్తున్నావ్?"

"ఏమీ చెయ్యట్లేదు" అందామె.