అక్క తోటకు దారి

ఇది నా నోటితో నేనే చెప్పాలి. ఆ రోజు నన్నెవరూ కొట్టలేదు, మెడ మీద కత్తి పెట్టలేదు.

మా నాన్న హయాంలో మా అంబోన్ దీవిలో లవంగాలు ఎవరికైనా అమ్ముకునేవాళ్ళం. జావా పడవ వస్తే జావావాళ్ళకి, మకస్సార్ పడవ వస్తే వాళ్ళకి. వాళ్ళు బియ్యం, బట్టలు తెచ్చేవారు. తర్వాత కోట కట్టుకున్న తెల్లవాళ్ళు తమ దేశం రాసిచ్చిన పత్రం చూపించి, ఇకపై ప్రతి మొగ్గా తమకే, తమ ధరకే అమ్మాలన్నారు. తాము చెప్పిన చోట తప్ప చెట్టే ఉండకూడదన్నారు. ఏటా నెల రోజులు మా చేతే పెద్ద పడవలకు తెడ్లు వేయించి, తీరం వెంట తిరుగుతూ చెట్లు నరికించేవారు.

ఆ ఏడు పడవలు జలసంధి దాటి మా అక్క సలామా ఊళ్ళో ఆగాయి. బావ సమదు చాటుగా మకస్సార్‌వాళ్ళకి అమ్ముతున్నాడని నాకు తెలుసు. ఆ బియ్యం రెండు బస్తాలు మా ఇంటికీ వచ్చాయి.

రెండు రోజులు వెతికినా బావ తోట దొరకలేదు. తెల్లవాళ్ళ దుబాసీ విసిగిపోయి, "దారి చూపినవాడు ఇక జన్మలో తెడ్డు పట్టక్కర్లేదురా!" అన్నాడు.

నా అరచేతులు పుండ్లు పడి ఉన్నాయి. "నేను చూపిస్తా" అన్నాను.

వాగు వెంట కొండెక్కించాను. నలభై చెట్లు, మొగ్గలు అప్పుడే ఎర్రబారుతున్నాయి. మొదటిది నా మేనకోడలు పుట్టినప్పుడు నాటింది. గొడ్డలి నా చేతికే ఇచ్చారు. నరికాను.

బావను కట్టేస్తుంటే ఆయన దుబాసీని అడిగాడు: "నేను నాటిన చెట్టు, నేను కోసిన మొగ్గ. అమ్ముకోడానికి మీ కాగితమెందుకయ్యా?"

"సముద్రం కూడా వాళ్ళదేనని రాసుంది అందులో."

"నువ్వు చదివావా?"

దుబాసీ తాడు ఇంకా బిగించమని సైగ చేశాడు. బావ నావైపు చూడనైనా చూడలేదు.

మాట ప్రకారం మరుసటి ఏడు నన్ను తెడ్డు పని నుంచి వదిలేశారు. పడవలకు రమ్మని డప్పు మోగితే మగవాళ్ళంతా రేవుకు పోయారు, నేను ఆడవాళ్ళ మధ్య మిగిలాను. "దొరగారూ, చేతులు మానాయా?" అని ఒక ముసలమ్మ అడిగింది. అందరూ నవ్వారు.

సగ్గుపిండి ముద్దలు నాలుగు మూటగట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. గుమ్మం బయటే నిలబడి, "అక్కా, బావ కబురేమైనా..." అన్నాను.

"ఎక్కడో కోటకు రాళ్ళు మోస్తున్నాడట. లోపలికి రారా. నువ్వు చూపించడానికి ఇక్కడింకేం మిగల్లేదుగా, భయమెందుకు?"

సగ్గుజావలో చేపల పులుసు పోసి ముందు పెట్టింది. మేనకోడలు నన్ను చూసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

"తినరా, చల్లారితే గడ్డకడుతుంది."

తలెత్తకుండా తిన్నాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను. ఆ మాట నోట రాలేదు. చేయి కడుక్కుని వచ్చేశాను.