గొర్రె తలకాయ మర్యాద

జోల్దోషాలికి గొర్రె తలకాయంటే పడదు. అయినా పద్నాలుగేళ్లుగా తింటున్నాడు.

లోయలో పెళ్లయినా చావయినా, పిల్లవాడు తొలి అడుగులు వేసిన పండగయినా గొర్రెను కోయాల్సిందే. ఉడికిన గొర్రెలో ఏ ఎముక ఎవరి పళ్లెంలో పడాలో కత్తి పట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. తొడ ఎముక పెద్దవాళ్లకి, నడుము ఎముక ఆడవాళ్లలో పెద్దామెకి, తలకాయ ఊరంతా లేచి నిలబడే మనిషికి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, బొగ్గు లారీ తోలి, ఆ లారీ చచ్చాక ఇంట్లో కూర్చుని ప్రభుత్వాన్నీ పొరుగువాణ్ణీ వంతులేసుకుని తిట్టే జోల్దోషాలికి న్యాయంగా దక్కాల్సింది మెడ ఎముక. దాన్ని ఎవరికి పెట్టినా ఒకటే. పెట్టకపోయినా ఒకటే.

అలాంటి మనిషికి తలకాయ పెట్టించింది తాలాయ్.

తాలాయ్ పేరు తెలియని ముసలి ప్రాణం ఆ కొండల్లో లేదు. 'వెచ్చని ఇల్లు' అనే సంస్థ పెట్టి, ఏటా చలికి ముందే దిక్కులేని ముసలివాళ్ల గుమ్మాల్లో బొగ్గు దింపించేవాడు. దాంతోపాటు ఒక జత ఉన్ని బూట్లు. ఎక్కడ మాట్లాడినా ఒకటే కథతో మొదలుపెట్టేవాడు. తనకి పదకొండేళ్లప్పుడు తల్లి పోయింది. డిసెంబరు పందొమ్మిదిన మంచు తుఫానులో, కనుమ అవతల ఉన్న పెద్దమ్మ దగ్గరికి ఒంటరిగా నడిచిపోతున్నాడు. కాళ్లు మొద్దుబారి రోడ్డు పక్కన కూలబడితే, నీలం లారీ ఒకటి ఆగింది. డ్రైవరు తన గొర్రెతోలు కోటు విప్పి కప్పాడు. తన రొట్టెలో సగం తుంచి పెట్టి కనుమ దాటించాడు. ఎడమ కాలికి రెండు వేళ్లు పోయాయి గానీ ప్రాణం నిలిచింది. "మనిషిని మనిషే వెచ్చబెట్టాలని ఆ రోజు తెలిసింది," అని ముగించి, ముందు వరసలో కూర్చున్న జోల్దోషాలిని చూపించేవాడు. జనం లేచి నిలబడేవారు. జోల్దోషాలి తల వంచుకునేవాడు. ఆ వంచుకోవడాన్ని అందరూ వినయం అనుకునేవారు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజు కనుమ దారిలో నీలం లారీ తోలుతున్నది అతనే. ఆపనిది కూడా అతనే.

కనుమ గేటు మూసేశారని కాపలావాడు చెబితే, వాడి అమ్మనాన్నలను తిట్టి, లారీ వెనక్కి తిప్పి ఇంటికి దిగుతున్నాడు. వంపు దగ్గర ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. వాడు పైకి పోతున్నాడు, తను కిందికి పోతున్నాడు. దారి వేరు కదా అనుకున్నాడు. ఇంకో రెండు వంపులు తిరిగాక, ముందు పార కట్టుకున్న మంచు తోడే బండి ఎదురుగా పైకి పోతూ కనిపించింది. దాని ముందుభాగమూ నీలమే. ప్రభుత్వం బళ్లన్నీ అదే రంగు. 'ఆ బండివాడే చూసుకుంటాడులే' అనుకుని ఇల్లు చేరాడు.

పద్నాలుగేళ్లు గడిచాక ఒక కుంటి కుర్రాడు ఊళ్లోకి వచ్చి, ఆ రోజుల్లో నీలం లారీ ఎవరిదని అడుగుతున్నాడని తెలియగానే, జోల్దోషాలి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని పశువుల కొట్టంలో దూరాడు. కుర్రాడు అక్కడికే వచ్చాడు. పెద్దన్నను పిలిచినట్టు 'బైకే' అని పిలిచి, డిసెంబరు పందొమ్మిదిన కనుమ దారిలో నీలం లారీ తోలింది మీరేనా అని అడిగాడు. ఇక తప్పించుకోలేనని, "నేనే," అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు జోల్దోషాలి. దవడ పగలాల్సిన చోట మెడ చుట్టూ రెండు చేతులు పడ్డాయి. కుర్రాడు ఏడుస్తున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. ముందు ఏడుపు ఆగనీ అనుకున్నాడు. ఏడుపు ఆగేసరికి టీ వచ్చింది. టీ అయ్యేసరికి ఎవరో గొర్రెను కోశారు. ఒకసారి గొర్రెను కోశాక నిజం చెప్పడం మర్యాద కాదు. ఆ మర్యాద ఇంకో పద్నాలుగేళ్లు సాగింది.

ఈ శరత్తులో ఐజాత్ అనే అమ్మాయి రాజధాని బిష్కెక్ నుంచి బాంబు పేల్చింది. వార్తల పని చేసే పిల్ల. తాలాయ్ చెప్పే తేదీ పట్టుకుని రోడ్ల ఆఫీసులో పాత కాగితాలు తిరగేసింది. డిసెంబరు పద్దెనిమిది నుంచి మూడు రోజులు కనుమ మూసే ఉంది, ఏ లారీ దాటలేదు. మొదటి మాటే అబద్ధమైతే మిగతా మాటల సంగతేమిటని ఫోన్లో వీడియో పెట్టి అడిగింది. అడిగింది ఆమె ఒక్కతే. జవాబు చెప్పింది మాత్రం దేశమంతా. కాలివేళ్లు గొడ్డలి పడి పోయాయని ఒకడు, తల్లి ఇంకా బతికే ఉందని ఇంకొకడు. బొగ్గు ఇచ్చే గనివాళ్లు విషయం తేలేదాకా ఆగుతామన్నారు. అక్టోబరు వెళ్లిపోతోంది, ముసలివాళ్లు ఖాళీ పొయ్యిల పక్కన కూర్చుని రోడ్డుకేసి చూస్తున్నారు.

తేల్చగలిగిన మనిషి ఒక్కడే కదా. ఊరి తెల్లగడ్డం పెద్ద ఇసాబెక్ తన ఇంట్లో అందరినీ కూర్చోబెడతానన్నాడు. ఐజాత్ కూడా వస్తుంది, ఫోను పెడుతుంది. జోల్దోషాలి రొట్టె చేత పట్టుకుని ఒట్టు వేస్తాడు. కోర్టులో అబద్ధం చెప్పినవాళ్లు ఆ లోయలో చాలామందే ఉన్నారు. రొట్టె పట్టుకుని చెప్పినవాడు ఒక్కడే. మరుసటి వేసవిలో వాడి మీద పిడుగు పడింది.

వారం రోజులు జోల్దోషాలి నిద్రపోలేదు. లారీ కనుమ దాటిందని ఒట్టు వేస్తే కాగితాలు ఎలాగూ కాదంటాయి, తాలాయ్ ఇంకా లోతుకి దిగిపోతాడు. మంచు తోడే బండి సంగతి చెబితే తాలాయ్ కథ నిజమవుతుంది, బొగ్గు వస్తుంది. కానీ తన తలకాయ పోతుంది, గొర్రెదీ తనదీ. ఇన్నాళ్లూ లోకంలో నిజాయితీ లేదని అరుగు మీద కూర్చుని తిట్టిన మనిషి, ఆ నిజాయితీ తన వాకిట్లోకే వచ్చి తలుపు తడితే, ఇంట్లో ఎవరూ లేరని లోపల్నుంచి చెప్పాలని చూశాడు.

ఆ రోజు ఇసాబెక్ ఇంట్లో పురుగు దూరే సందు లేదు. నేలమీద పరిచిన గుడ్డ మధ్యలో గుండ్రటి రొట్టె. ఎదురుగా తాలాయ్, పది రోజుల్లో పదేళ్లు పెద్దవాడైనట్టున్నాడు. ఫోను కాయల గిన్నెకి ఆనించి కూర్చుంది ఐజాత్. ఆడవాళ్ల వైపు జోల్దోషాలి పెళ్లాం జీపార్, ఒడిలో చేతులు పెట్టుకుని.

ఇసాబెక్ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే జోల్దోషాలి పొట్ట పట్టుకుని లేచాడు. కడుపులో తిప్పుతోందని, ఇప్పుడే వస్తానని గొణిగాడు. రానని అతనికి తెలుసు. నాలుగు అంగల్లో గుమ్మం చేరాడు. అక్కడ ఇసాబెక్ భార్య కాలీపా అవ్వ రొట్టె ముక్కతో అడ్డంగా నిలబడింది. రొట్టె నోట పెట్టకుండా గడప దాటనివ్వడం ఆ ఇంటా వంటా లేదు, మొత్తం దేశంలోనే లేదు. వెనకాల ఇల్లు తగలబడుతున్నా ఒక ముక్క కొరికే బయటపడాలి. పసితనం నుంచి పడిన అలవాటు, చేయి దానంతటదే పోయింది. కొరికాడు.

"కొరికేశాడు," అన్నారెవరో.

"ఇంకేం, మాట కూడా అక్కర్లేదు. అందరి ముందూ రొట్టె కొరికాడు, ఒట్టు వేసినట్టే," అన్నాడు ఇసాబెక్. దీవెనకి రెండు చేతులూ ఎత్తాడు. అందరి చేతులూ లేచాయి.

జోల్దోషాలికి ఆకాశం నుంచి నిచ్చెన దిగినట్టయింది. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. రొట్టె శపించాలన్నా దేనికని శపిస్తుంది? మంచి వకీలు కూడా ఇంతకన్నా బాగా చేయలేడు. చదువుకుని ఉంటే నేను మంత్రినయ్యేవాణ్ణి అనుకున్నాడు.

ఐజాత్ మాత్రం చేతులెత్తలేదు. ఆ పిల్ల గొంతు పెంచకుండా అడిగింది. "బైకే ఒట్టు నేను కాదనను. కానీ గేటు మూసి ఉంది కదా. లారీ ఎలా దాటింది?"

అందరూ జోల్దోషాలి వైపు చూడలేదు. రొట్టె కొరికిన మనిషిని మళ్లీ అడగడం తప్పు. తాలాయ్ వైపు చూశారు. "నాకు గుర్తున్నది అంతే చెల్లీ," అన్నాడు తాలాయ్. తన బూటు వైపు చూసుకున్నాడు, వేళ్లు లేని వైపు. పోయిన చలికాలం అతనిచ్చిన బొగ్గుతో బతికిన ముసలావిడే అతనికి దూరంగా జరిగి కూర్చుంది.

ఆ జరగడం చూశాడు జోల్దోషాలి. నోట్లో రొట్టె లోపలికి దిగలేదు, బయటికి రాలేదు. రొట్టె ఉమ్మేయడం ఒట్టు తప్పడం కన్నా పెద్ద పాపం. అందుకని నోరు నిండుగా ఉండగానే మాట్లాడాడు.

"గేటు మూసే ఉంది. నేను దాటలేదు. వెనక్కి దిగిపోయాను. దాటింది మంచు తోడే బండి. దాని ముందుభాగం కూడా నీలమే. నా కళ్లతో చూశాను, పైకి పోయింది."

ముందు ఎవరూ నమ్మలేదు. ఇసాబెక్ మెచ్చుకోలుగా తల ఊపాడు. పేరు వద్దంటున్నాడు, ఇదీ గొప్ప మనసంటే అన్నాడు. వయసు మీద పడి మర్చిపోయాడని ఇంకొకరు. జన్మలో ఒక్కసారి నిజం చెబితే దాన్ని కూడా గొప్పతనం ఖాతాలోనే వేస్తున్నారు. జోల్దోషాలికి ఏడుపొచ్చినంత పనయింది.

కాపాడింది జీపారే. "ఆ రోజు సందె పడకుండానే ఇంట్లో ఉన్నాడు. మాంసం కూరి ఆవిరి మీద మంతీలు చేశాను. ముప్పై రెండు తిన్నాడు. కనుమ దాటినవాడు అవతలి వైపు ఉండాలి గానీ నా పొయ్యి దగ్గరెందుకుంటాడు?"

"తెలిసీ ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?" అంది కాలీపా అవ్వ.

"చెబితే నాకు పెట్టే ఎముక కూడా మారిపోయేది కదవ్వా."

ఎవరూ నవ్వలేదు. తాలాయ్ తల ఎత్తాడు. ఆ రోజు రెండు బళ్లు చూశానని మెల్లగా చెప్పాడు. మొదటిది ఆగలేదని, దాని గురించి ఎప్పుడూ ఎక్కడా చెప్పలేదని, ఆగనివాళ్ల గురించి చెప్పి జనాన్ని బొగ్గు అడగబుద్ధి కాలేదని అన్నాడు. తర్వాత జోల్దోషాలి కళ్లలోకి చూశాడు.

"ఎందుకు ఆపలేదు బైకే?"

పద్నాలుగేళ్లుగా జోల్దోషాలి ఈ ప్రశ్నకి జవాబులు తయారు చేసి పెట్టుకున్నాడు. బ్రేకులు సరిగా లేవని ఒకటి. మంచులో కనబడలేదని ఒకటి. తోడేలనుకున్నానని కూడా ఒకటి ఉంది, అది అతనికే నచ్చలేదు. నోట్లో రొట్టె ఉంది.

"మంతీలు చల్లారిపోతాయని," అన్నాడు.

అప్పుడు దిగింది రొట్టె ముద్ద.

తాలాయ్ మంచు తోడే బండివాడి పేరు తెలుసా అని మాత్రం అడిగాడు. క్షమించాననలేదు. జోల్దోషాలి ఆ మాట కోసం ఎదురుచూశాడు, ఎదురుచూసినందుకు తన్ను తానే తిట్టుకున్నాడు.

పేరు వెతికింది ఐజాత్. ఒరోజ్‌బాయ్, ఎనభై రెండేళ్లు, కనుమ అవతల కూతురి ఇంట్లో ఉంటున్నాడు. ఆ మాట కూడా తన వీడియోలోనే చెప్పింది, తప్పు పట్టినంత స్పష్టంగా. వారం తిరక్కుండా గనివాళ్ల బొగ్గు కదిలింది. కాలివేళ్లు గొడ్డలి పడి పోయాయన్నవాడు మాత్రం ఇప్పటికీ అదే అంటున్నాడు.

ఊరంతా చేరి గొర్రెను కోసి, ఉడికించిన తలకాయ గుడ్డలో చుట్టి, దాన్ని మోసుకుపోయే పని జోల్దోషాలికి అప్పగించారు. తాలాయ్ కారు నడిపాడు. ఒళ్లో వేడివేడి తలకాయ పెట్టుకుని కనుమ ఎక్కాడు జోల్దోషాలి. దారిలో ఆ వంపు వచ్చింది. జోల్దోషాలి గుడ్డ మూట సర్దుకున్నాడు.

ఒరోజ్‌బాయ్‌కి చెవులు సరిగా వినబడవు. తాలాయ్ ఆయన చేతులు పట్టుకుని మూడుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ముసలాయన తలకాయ వైపు చూసి ఇబ్బంది పడ్డాడు. "కోటు, రొట్టె... ఏమో నాయనా. దారిలో చాలామంది ఎక్కేవాళ్లు. నువ్వు ఎవరో నాకు గుర్తు లేదు." తాలాయ్ నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

తలకాయ అందుకున్నవాడు చెవి కోసి చిన్నవాళ్లకి ఇవ్వాలి, పెద్దల మాట వినాలని. ఆ ఇంట్లో పిల్లలు లేరు. ముసలాయన చుట్టూ చూసి, "మోసుకొచ్చావు కదా, నువ్వు తిను," అని చెవి జోల్దోషాలి చేతిలో పెట్టాడు. ఆయనకి ఏమీ తెలియదు. తెలిసిన తాలాయ్ కిటికీ వైపు తిరిగాడు. జోల్దోషాలి తిన్నాడు. నమల్లేకపోయాడు, మింగాడు.

ఆ చలికాలం బొగ్గు మోసే లారీకి డ్రైవరు దొరకలేదు. తాలాయ్ తాళంచెవి పంపించాడు. మాటేమీ పంపలేదు. లారీ నీలం కాదు, ఎరుపు. సంగతి లోయంతా పాకిపోయింది గనుక ఇప్పుడు రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తినా ఆపక తప్పదు. కోళ్ల బుట్టలతో ముసలమ్మలు, తాగి ఎటు పోవాలో తెలియనివాళ్లు. పొరుగువాడైతే ఎక్కడికీ పోయే పని లేకపోయినా చెయ్యెత్తుతాడు. ఆగాక, "ఏం లేదు బైకే, ఆగుతావో లేదో చూద్దామని," అంటాడు. వాణ్ణి కూడా ఎక్కించుకుంటాడు జోల్దోషాలి, బూతులు తిడుతూ.

ఇంటికి చేరేసరికి ఏ రోజూ చీకటి పడకుండా ఉండదు. జీపార్ మంతీలు వండి మూత పెట్టి పడుకుంటుంది. వాటి మీద కొవ్వు గడ్డకట్టి తెల్లగా ఉంటుంది. వెచ్చబెట్టుకునే ఓపిక లేక జోల్దోషాలి వాటిని అలాగే తింటాడు.