తూకానికి కూర్చునే మనిషి

కారు సీటు కింద తల దూర్చి, టార్చిని పళ్ళతో పట్టుకుని పడుకున్న మామయ్యకు మొదట బిస్కెట్ పొడి కనబడింది. తర్వాత ఒక సుద్దముక్క, ఎవరిదో చెవిపోగు. ఆ తర్వాత గాని పసుపుపచ్చ ప్లగ్గు కనబడలేదు. అది సగం ఊడి వేలాడుతోంది. దాన్ని చూడగానే ఆయన ముఖం చాటంత అయింది.

కార్లు బాగుచేసే ఆ షెడ్డు నడిపేది ఆయన మేనకోడలు. ఆమె పిలిచే పిలుపునే వీధి వీధంతా పట్టుకుంది. పక్కన పాత ఇనుము కొట్టాయన మామయ్యకన్నా పదేళ్ళు పెద్ద, అయినా మామయ్యా అనే పిలుస్తాడు.

కారు ఒక లెక్కల టీచరుది. ఎయిర్‌బ్యాగ్ పాడైందని చెప్పే ఎర్రదీపం ఒకరోజు వెలిగేదట, ఒకరోజు ఆరిపోయేదట. ఇంకో షెడ్డువాళ్ళు సీటు మొత్తం మార్చమన్నారట. మామయ్యకు ఇలాంటి జబ్బులంటే ప్రాణం. ఎప్పుడూ వెలిగే దీపం సంగతి ఎవరైనా తేలుస్తారు, వెలిగి ఆరేదాని వెనక ఏదో ఒక కథ ఉంటుందని ఆయన నమ్మకం. పొద్దున్నే టీచరుని కూర్చోబెట్టి, ఏ రోజుల్లో, ఏ మలుపులో, పక్కన ఎవరున్నప్పుడు అంటూ పెళ్ళిసంబంధానికి వచ్చినవాడిలా ఆరా తీశాడు. వానరోజుల్లోనే అని తేలింది. గొడుగెక్కడ పెడతారని అడిగాడు. సీటు కింద, అందామె. అంతే, కథ దొరికింది.

బ్యాటరీ తీగ ఊడదీసి పది నిమిషాలు ఆగాడు. లోపల మిగిలిన కరెంటు చల్లారకముందే చెయ్యి పెడితే ఎయిర్‌బ్యాగ్ మొహం మీదే పేలగలదు. ఎదురు చూడడం ఆయనకు కొత్త కాదు. పదేళ్ళప్పుడు ఇంట్లో గడియారం విప్పి, తిరిగి బిగించడానికి ఏడాది తీసుకున్నాడు. రేడియోలు బాగుచేసే కొట్లో పదిహేనేళ్ళు పనిచేశాడు. రేడియోలు పోయాక అక్క పిలిచి ఈ షెడ్డులో పెట్టింది. చూసిన ఒక్క పెళ్ళిసంబంధంలో పిల్లతో మాట్లాడమంటే వాళ్ళింటి ఫ్యాను ఎందుకు చప్పుడు చేస్తోందో చెప్పి వచ్చాడు. అక్క పోయాక మేనకోడలే ఇల్లూ వాకిలీ అయింది.

గొడుగు తగిలి ఊడుతున్న ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గు తుడిచి, టక్కుమనేదాకా నొక్కాడు. బ్యాటరీ తీగ మళ్ళీ తగిలిస్తే ఎర్రదీపం ఆరింది. ఇంకొక్క పరీక్ష మిగిలింది. ముందు సీట్లో కూర్చున్నది పెద్దవాళ్ళా, చిన్నపిల్లలా అన్నది సీటులోని సెన్సార్ బరువుని బట్టి తేలుస్తుంది. సీటు ఖాళీగా ఉన్నా, పిల్లలు కూర్చున్నా పసుపు దీపం వెలిగి, ఎయిర్‌బ్యాగ్ ఆగిపోవాలి. పెద్దవాళ్ళు కూర్చుంటే దీపం ఆరాలి. ఆ షెడ్డులో ప్రతి సీటుకీ తూకానికి కూర్చునేది మామయ్యే. అరవై కిలోల మనిషి, ఇరవై ఏళ్ళుగా గ్రాము మారలేదని ఆయన గొప్ప.

కూర్చున్నాడు. పసుపు దీపం ఆరలేదు.

సెన్సార్‌ను సున్నాకు తెచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆరలేదు. తీగలన్నీ కొలిచాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మధ్యాహ్నమైనా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. మేనకోడలు అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆర్నెల్లుగా ఆయన క్యారేజీ సగం మిగిలే వస్తోంది. అడిగితే లంఖణం పరమౌషధం అంటాడు.

విసుగొచ్చి మేనకోడలే సీట్లో కూర్చుంది. దీపం ఆరింది. రంగులు వేసే ఆయన్ని కూర్చోబెట్టారు, ఆరింది. మామయ్య కూర్చున్నాడు, వెలిగింది.

రేడియో కొట్టు రోజుల నుంచీ ఆయనకొక నియమం ఉంది. దేన్ని కొలిచే ముందైనా మీటరు రెండు కొసలూ ఒకదానికొకటి ఆనించి, ముందు మీటరు సంగతి చూసుకోవాలి. ఇవాళ పొద్దుట్నుంచీ కారులో ప్రతి తీగనీ అనుమానించాడు గాని, కూర్చున్న మనిషిని అనుమానించలేదు.

దిగి, పాత ఇనుము కొట్టాయన కాటా ఎక్కాడు. ముల్లు నలభై ఒకటి దగ్గర నిలబడింది. భయం వేసింది. కానీ, ఇంత ఎప్పుడు తగ్గాను, నాకెలా తెలియలేదన్న ఆశ్చర్యం ఆ భయాన్ని పక్కకు నెట్టింది. తీగ వెంట వెళ్ళినట్టు వెనక్కి వెళ్ళాడు. బెల్టుకు కొత్త చిల్లులు పొడవాల్సొస్తే తోలు సాగిందనుకున్నాడు. చొక్కా వదులైతే పాతబడింది అనుకున్నాడు. మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తే మెట్లనే తిట్టుకున్నాడు. దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు.

మేనకోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగింది. "దొరికిందా మామయ్యా?"

"కారుది పొద్దున్నే దొరికిందమ్మా. ఇది నాది."

ఆమె ముల్లు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. రేపే ఆసుపత్రికి వెళ్దామంది. సరేనన్నాడు. కానీ సాయంత్రందాకా వేరే పనిలో పడ్డాడు. మందపాటి గోనెసంచీ ఒకటి తెచ్చి ఇసుక నింపాడు. కాటా మీద పెట్టి గుప్పెడు తీశాడు, చిటికెడు వేశాడు, ముల్లు అరవై మీద కదలకుండా నిలిచేదాకా వదల్లేదు. సంచీ మూతి దబ్బనంతో కుట్టాడు.

"ఇదంతా దేనికి? నువ్వున్నావుగా," అందామె.

"నేను తప్పు చూపిస్తున్నానమ్మా. తప్పు చూపించే మీటరుతో పని చెయ్యకూడదు."

టీచరు వచ్చి కారు తీసుకెళ్ళింది. గొడుగు వెనక సీట్లో పెట్టుకొమ్మని మామయ్య మరీ మరీ చెప్పాడు.

ఆసుపత్రిలో పరీక్షలు చేసి కడుపులో గడ్డ అన్నారు. ఆలస్యమైందనీ అన్నారు. మామయ్య స్కాన్ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టి, ఇది ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది అని అడిగి అడిగి డాక్టరు చేత కాగితం మీద బొమ్మ గీయించుకున్నాడు. మేనకోడలికి ఏడుపు ఆగలేదు. తను రోజూ ఆ క్యారేజీ కడుగుతూ కూడా కనిపెట్టలేకపోయింది. ఐదో నెలలో, ఒక మామూలు మధ్యాహ్నం, ఆమె మంచినీళ్ళు తెచ్చేలోపు ఆయన వెళ్ళిపోయాడు.

షెడ్డు వారం తర్వాత తెరిచారు. సీటు పరీక్షలు వస్తూనే ఉన్నాయి. ఇసుక సంచీని ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. మేనకోడలు దాన్ని ముందు సీట్లో సర్ది, నడుం చుట్టూ బెల్టు పెట్టి, తాళం తిప్పుతుంది. పసుపు దీపం ఆరిపోతుంది. అప్పటికి పని అయిపోయినట్టే, అయినా ఆమె వెంటనే దాన్ని దించదు. తలుపు తెరిచి ఉన్న కారులో, అరవై కిలోల సంచీ కాస్త కిటికీ వైపు ఒరిగి కూర్చుని ఉంటుంది.