వడగట్టిన వరద

మాధవరం భీమక్కకు మేనకోడలు శ్వేత అంటే ప్రాణం. ఆ పిల్ల చదివే చదువు మాత్రం ఒక పట్టాన బుర్రకెక్కేది కాదు. ఉత్తరాది నదులు ఏడాదికెంత మట్టిని సముద్రానికి మోసుకుపోతాయో ఎవరో అంచనా కట్టారట, మన తుంగభద్ర సంగతి తాను తేలుస్తుందట. అందుకు రోజూ పొద్దున వంతెన మీంచి బొక్కెన దించి, ఒక సీసా నీళ్ళు పట్టి, తేదీ రాసి పెట్టాలి. ఈ మాత్రానికి పిల్ల అంతలా బతిమాలడమే భీమక్కకు నవ్వొచ్చింది.

ఎండాకాలమంతా నీళ్ళు తేటగానే ఉన్నాయి, ఏ పేచీ రాలేదు. ఆగస్టులో పైన డ్యాం గేట్లెత్తారు. ఏరు ఎర్రగా, చిక్కగా దిగింది. ఏడాది మట్టిలో ముప్పాతిక ఈ పదిహేను రోజుల్లోనే పోతుందని, ఇవి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలని శ్వేత పదిసార్లు ఫోన్ చేసింది. భీమక్క జ్వరమొచ్చినా మానలేదు.

వరద మొదలైన పన్నెండో రోజు శ్వేత ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చింది. పేర్చిన సీసాలు ఒక్కొక్కటే తీసి వెలుగుకు పట్టి చూసింది. పన్నెండింటిలోనూ నీళ్ళు తళతళలాడుతున్నాయి.

"అత్తా, ఇవి యాడ పట్టినావు?"

"ఏట్లోనే తల్లీ. సీరగుడ్డ నాలుగు మడతలేసి వడగట్టినా. సదువుకున్నోళ్ళ ముందర మా పాప బురదనీళ్ళు పెడితే ఏం బాగుంటాది?"

శ్వేత గడప మీద కూలబడింది. "నాకు కావాల్సింది ఆ బురదే అత్తా."

సీసాలు నీళ్ళు చూపించడానికేననీ, మట్టిని లెక్కగట్టే మిషనేదో ఏటికే తెస్తారనీ భీమక్క అనుకుంది. ఆ ఇంట్లో ఏటినీళ్ళు వడగట్టకుండా ఎవరి చేతికీ ఇచ్చింది లేదు, అత్తగారు నేర్పిన మర్యాద అది. గుడ్డలో మిగిలిన ఒండ్రంతా మిరపమొక్కలకు పోసేసింది. పిల్ల కళ్ళు చెమ్మగిల్లడం చూసి ఆమె ఏటివైపు తొంగి చూసింది.

"వరద ఇంగా తగ్గలేదు గదా. ఇప్పుడు పడితే పనికొస్తాదా?"

శ్వేత కళ్ళు తుడుచుకుంది. "ఇంగో మూడు దినాలు దొరికితే లెక్క ఏదో ఒకటి నిలబడతాది."

ఇద్దరూ వంతెన మీదికి పోయారు. సీసా నిండా ఎర్రమట్టి సుళ్ళు తిరుగుతోంది. ఇవ్వడానికి చేయి రాక, భీమక్క దాన్ని కొంగుచాటున పెట్టుకుంది. శ్వేత సీసా లాక్కుని, తేదీ కింద 'భీమక్క' అని రాసింది.

"నా పేరెందుకు? బురదనీళ్ళిచ్చినానని సాటడానికా?"

"అవునత్తా, అందుకే," అని శ్వేత ఆమెను గట్టిగా వాటేసుకుంది.