వాన్ ముడి

యెరనూహి పదకొండో వరుసలో ముడి బిగిస్తుండగా మనుషాక్ తలుపు తోసుకుని, గ్యూమ్రి ఊరి చలినంతా వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. యెరనూహి తల ఎత్తలేదు. ముడి సగంలో ఉండగా తల ఎత్తితే లెక్క పోతుంది. ఊలు అల్లికయితే దారం లాగి విప్పేసి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. ఇది సూదితో వేసే లేసు. ఒక్కో కన్నూ ఒక్కో ముడి, వేసిన ముడి వేసినట్టే బిగుసుకుపోతుంది. తప్పు చేస్తే కత్తిరించి పారెయ్యడమే తప్ప దిద్దుకోవడం ఉండదు.

"ఇంకా బతికే ఉన్నావా?" అంది మనుషాక్, కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తూ.

"నీకు కుర్చీ ఖాళీ చేసి పోతాననుకున్నావా?" అంది యెరనూహి.

గత పదేళ్ళుగా వాళ్ళ పొద్దుటి పలకరింపు అదే. ఎగతాళి లేకుండా మాట్లాడితే ఆ ఊళ్ళో ఒంట్లో బాగాలేదేమోనని అడుగుతారు.

యెరనూహికి అరవై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి నడుము, మెడ కొంచెం ముందుకి వంగి ఉంటుంది. మొహంలో చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. వీధిలో ఎదురైతే పది అడుగులు దాటాక గుర్తుండని మొహం. చేతులు మాత్రం వేరు. బొటనవేళ్ళు బల్లపరుపుగా, చూపుడువేలి చివర సూది పొడిచి పొడిచి కందిగింజంత కాయ కాసి ఉంటుంది. ఆ కాయ మీద ఆవిడకి ప్రేమ. ఇంట్లో రొట్టెముక్క తింటున్నప్పుడు కూడా బొటనవేలితో దాన్ని తడుముకుంటూ ఉంటుంది.

భూకంపానికి ముందు పందొమ్మిదేళ్ళు ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. బడిపిల్లల చొక్కాలకి కాలర్లు, అదీ కుడివైపువి. ఎడమవైపు కుట్టే మనిషి వేరే ఉండేది. తను కుట్టిన చొక్కా ఎవరైనా తొడుక్కుంటే అందులో సగం మెడ తనదని యెరనూహి అనుకునేది. ఒక డిసెంబరు పొద్దుట, పదకొండున్నర దాటాక, ఆ ఫ్యాక్టరీ అర నిమిషంలో నేలమట్టమైంది. ఆ రోజు ఆవిడ పంటినొప్పికని సెలవు పెట్టింది. కుడి కాలర్లూ పోయాయి, ఎడమ కాలర్లూ పోయాయి, ఎడమ కాలర్లు కుట్టే మనిషీ పోయింది. ఇల్లూ కూలడంతో తరవాత తొమ్మిది చలికాలాలు సర్కారు ఇచ్చిన ఇనప డబ్బా ఇంట్లో గడిచాయి. చెయ్యడానికి పనీ, కాల్చడానికి కట్టెలూ లేని ఆ రోజుల్లోనే అమ్మమ్మ నేర్పిన లేసు మళ్ళీ చేతికి తగిలింది. దానికి కావలసింది ఒక సూది, కాస్త దారం, నాలుగు వేళ్ళు. అంతే కాబట్టే అమ్మమ్మ ఊచకోత తప్పించుకుని వాన్ సరస్సు ఒడ్డు నుంచి కట్టుబట్టలతో నడిచొచ్చినా లేసు ఆవిడ వెంట వచ్చింది.

మనుషాక్ వాళ్ళ పెద్దలు కారిన్ నుంచి వచ్చారు. అందుకని ఆ అల్లిక గదిలో రోజూ రెండు ఊళ్ళ మధ్య యుద్ధం. కారిన్ వాళ్ళ ముడి గాడిదని గుంజకి కట్టేసినట్టు ఉంటుందని యెరనూహి అంటుంది. వాన్ వాళ్ళు పిసినారులు, దారం మిగలడానికే అంత సన్నగా వేస్తారని మనుషాక్ అంటుంది. ఒకరి ముడి ఒకరు ఎన్నడూ వెయ్యలేదు. వేస్తే పెద్దల పరువు పోదూ?

మనుషాక్ తన కుర్చీలో కూలబడి, చేతులు వెచ్చబడతాయంటూ ఎప్పట్లాగే సూదులన్నిటికీ దారం ఎక్కించడం మొదలుపెట్టింది, తనవీ యెరనూహివీ కూడా. యెరనూహి ఆ సాయాన్ని అందుకుంది.

అసలు సంగతేమిటంటే ఆవిడకి సూది కన్ను కనపడి మూడేళ్ళు కావస్తోంది. మొదట దారం చుట్టూ పల్చటి పొగలా ఉండేది. ఇప్పుడు చూసిన చోట కాకుండా దాని పక్కనున్నది కనిపిస్తుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం వేసి చూసి, కంట్లో నరం ఎండిపోతోందని, ఆపరేషన్‌కి లొంగేది కాదని చెప్పింది. యెరనూహి ఆ చీటీని మడిచి పిండి డబ్బా కింద దాచింది. అప్పటినుంచి కళ్ళతో చేసే పనంతా వేళ్ళకి అప్పగించింది. గోటితో లేసు కన్నులు లెక్కపెడుతుంది. తూర్పు కిటికీ దగ్గర వెలుగున్నంతసేపూ పని చేసి, పదకొండు దాటాక నడుం నొప్పి అని చెప్పి అంచులు మడిచే పనికి మళ్ళుతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనే ఆవిడ ధీమా.

గది మధ్య చెక్క బొమ్మ మీద ఎర్ర కోటు నిలబడి ఉంది. రేపు రాజధాని యెరెవాన్‌లో ప్రదర్శన, సాయంత్రం ఐదింటికి కారు వస్తుంది. ఆ కోటుకి మెడపట్టీ యెరనూహిది, పదహారు రోజుల పని, నిన్ననే అయిపోయింది. దాని మణికట్టు పట్టీలు ముందే అయిపోయాయి, ఇప్పుడు అల్లుతున్నవి తరవాతి కోటువి. వాన్ ఆడవాళ్ళు పెళ్ళయ్యాక నడుముకి కట్టుకునే ఎర్ర ఏప్రన్ ఆకారాన్ని తీసుకుని, ముందువైపు అదే పొడవు, అదే అంచు ఉంచి, ఈ కాలం ఆడపిల్ల బూట్ల మీద వేసుకుని బస్సెక్కగల కోటుగా మార్చింది ఆర్పినే. ఈ కుట్టుశాల యజమాని ఆర్పినేయే. ముప్ఫై అయిదు కూడా నిండని పిల్ల. యెరెవాన్‌లో చదువుకుని, అక్కడే ఉండిపోకుండా సొంతూరికి తిరిగొచ్చి నల్లరాతి ఇంటి కింది భాగంలో దుకాణం పెట్టింది. ఆ పిల్ల గీసిన బొమ్మ మొదటిసారి చూసినప్పుడు యెరనూహికి అమ్మమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మ దగ్గర ఏప్రన్ ఉండేది కాదు, దారిలో ఒక రొట్టెకి ఇచ్చేసింది. దాని గురించిన మాటలు మాత్రం ఉండేవి. మెడ, మణికట్టు, అంచు, ఒంటికి ఎక్కడెక్కడ తలుపుందో అక్కడక్కడ అల్లిక ఉండాలని, చెడు అక్కడే ఆగిపోతుందని చెప్పేది. బొమ్మలో ఆర్పినే అన్ని తలుపులూ సరిగ్గా మూసింది.

మధ్యాహ్నం లవాష్ రొట్టెలో జున్ను చుట్టుకుని తింటుండగా ఆర్పినే ఒక కాగితం పొట్లంతో వచ్చింది. నిలబడే ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది గానీ నమలడం మరిచిపోయింది. ఇలాంటి ఎర్ర కోట్లు నలభై కావాలని బయటి దేశపు దుకాణం ఒకటి అడిగిందట. వసంతానికల్లా ఇవ్వాలట. నలభై కోట్లంటే నలభై మెడలు, ఎనభై మణికట్లు. అందుకని ఇంతకు ముందు అల్లిన మెడపట్టీ ఒకటి నమూనాకి పంపి, మిషన్ మీద అలాంటిదే వేయించి తెప్పించింది. ఇద్దరూ కోప్పడతారని తెలిసే వారం రోజులుగా చెప్పకుండా దాచింది.

పొట్లం విప్పింది. కోటు మీద నుంచి యెరనూహి మెడపట్టీ పిన్నులు తీసి, రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"కొంచెం చూసి చెప్పండి పిన్నీ. ఎలా ఉంది?"

యెరనూహి చేతులు తుడుచుకుని వంగింది. బల్ల మీద రెండు తెల్లటి మరకలు కనిపించాయి. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. పదహారు రోజులు ఒళ్ళో పెట్టుకున్న పని ఎడమదో కుడిదో ఆవిడకి తెలియలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బాగానే ఉంది" అంది.

"ఏది మీది?"

యెరనూహి చెయ్యి చాచబోయింది. వేలు తగిలితే చాలు, చెప్పేస్తుంది. ఈలోగా ఆర్పినే నిట్టూర్చింది, ఆ పిల్లకి అప్పటికే జవాబు దొరికిపోయింది.

"మీకే చూస్తే తెలియలేదు కదా పిన్నీ. ఇంక కొనేవాళ్ళకేం తెలుస్తుంది?"

అందులో వెటకారం లేదు. ఉంటే యెరనూహి నాలుగు తగిలించేది. ఆ పిల్ల నిజంగానే అడిగింది, ఆ కోట్లు నలుగురూ వేసుకోవాలని ఆశపడి అడిగింది. మనుషాక్ తింటున్న రొట్టె కిందపెట్టేసింది.

యెరనూహి లేచి కిటికీ దాకా వెళ్ళింది. కిటికీలో మంచు తెల్లగా, వీధి నల్లగా ఉన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే కుర్చీ ఉంటుంది. నడుం నొప్పి అంటూ ఇంకో ఏడాదో రెండేళ్ళో అంచులు మడుచుకోవచ్చు. కానీ అమ్మమ్మ నడిచొచ్చిన దారంతా వేళ్ళలో దాచుకుని తెచ్చిన పని మిషన్ పనితో సమానమని ఈ గదిలో సాక్ష్యం చెప్పింది ఎవరు? తనే. ఆ సాక్ష్యమూ అబద్ధమే. సిగ్గు ముందు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, కోపం వచ్చాక ఆవిడకి పని తేలికైంది.

వెనక్కి వచ్చి ఇలా చెప్పింది: "నాకు కనపడలేదంటే లేసు తప్పు కాదు, ఆర్పినే తల్లీ. నా కళ్ళు పోయాయి. మూడేళ్ళయింది. మీకెవరికీ చెప్పలేదు."

ఆర్పినే ఆవిడ మొహంలోకి చూసి, బల్ల వైపు చూసి, మళ్ళీ మొహంలోకి చూసింది. మూడేళ్ళలో ఈ ముసలమ్మ అల్లినవాటిలో ఒక్కటీ తప్పుపోలేదని ఆ పిల్లకి అప్పుడే తట్టినట్టుంది.

"కత్తెర ఇలా ఇవ్వు" అంది యెరనూహి.

రెండిటి మీదా చూపుడువేలు ఆనించింది. కందిగింజ కాయకి ఒకటి మెత్తగా, ఉబ్బినట్టు తగిలింది. రెండోదానిలో ముడి ముడికీ ఇసక రేణువులా గరుకు. తనది కుడిది. ముందు మిషన్‌దాన్ని పట్టుకుని, పువ్వు మధ్యలో ఒక పోగు కత్తిరించి, కొస పట్టుకుని లాగింది. పువ్వు నిమిషంలో దూదిపింజైంది. పక్క పువ్వు కూడా వదులై జారింది.

తరవాత తనది తీసుకుంది. ఆర్పినే "వద్దు పిన్నీ, కారు ఐదింటికి" అంటూ చెయ్యి అడ్డం పెట్టబోయింది. అప్పటికే కత్తెర పోగుని తెంచేసింది. యెరనూహి కొస పట్టుకుని లాగింది. రాలేదు. మణికట్టుకి చుట్టుకుని బలంగా లాగింది. పట్టీ మొత్తం బిగుసుకుంది గానీ తెగిన చోటు తెగినంతే ఉంది. అటు ముడి అటే, ఇటు ముడి ఇటే.

"కొనేవాళ్ళకి చూస్తే తెలియకపోవచ్చు" అంది, పట్టీని ఆర్పినే చేతిలో పెడుతూ. "ఇరవై ఏళ్ళు వేసుకున్నాక తెలుస్తుంది. అప్పుడు వాళ్ళు తలుచుకునేది నీ పేరే. ఎలా తలుచుకోవాలో చూసుకో."

ఆర్పినే చాలాసేపు ఆ తెగిన చోటునే లాగి లాగి చూసింది. చివరికి నలభై కుదరవని వాళ్ళకి రాస్తానంది. చేతులు ఎన్ని అల్లగలిగితే అన్నే ఇస్తామని, ఆగగలిగితే ఆగమని రాస్తానంది. మిషన్ పట్టీని మళ్ళీ కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో వెయ్యకుండా తన సొరుగులో పెట్టుకుంది. పొరపాటు గుర్తుండాలి కాబోలు. యెరనూహికి ఆ పద్ధతి నచ్చింది.

ఇక మిగిలింది తెగిన చోటు. మెడ దగ్గర తలుపు తెరిచి పెట్టి కోటు పంపకూడదు. యెరనూహి సూది అందుకుంది. కానీ తూర్పు వెలుగు ఎప్పుడో దాటిపోయింది. రెండుసార్లు గుచ్చి రెండుసార్లూ తప్పింది. మూడోసారి మనుషాక్ ఆవిడ చేతిలోంచి సూది తీసుకుంది.

"కారిన్ ముడి వేశావంటే చంపుతాను" అంది యెరనూహి.

"నోర్మూసుకుని కూర్చో. మూడేళ్ళుగా నీ సూదుల్లో దారం ఎక్కించింది ఎందుకనుకున్నావే? చేతులు వెచ్చబడతాయంటే నమ్మేశావు, వాన్ బుర్ర."

పొయ్యి మీద అడవి వాము వేసిన టీ కాగుతోంది, పక్క గదిలో కుట్టుమిషన్లు ఆగి ఆగి నడుస్తున్నాయి. మనుషాక్ తెగిన దారపు ఉచ్చు ముక్కని కొరికి తీసేసి, ముక్కు దగ్గరగా పెట్టుకుని అల్లింది. గంట పట్టింది. నాలుగు దాటాక మెడపట్టీ తెచ్చి యెరనూహి ఒళ్ళో పడేసి, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

యెరనూహి చూపుడువేలు పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మనిషి పనికీ మిషన్ పనికీ తేడా చెప్పిన వేలు అది. తెగిన చోటు దానికి దొరకలేదు. పట్టీ పొడుగునా ఉన్నవన్నీ వాన్ ముళ్ళే. పదేళ్ళు ఎదురు కుర్చీలో కూర్చుని, గాడిద, గుంజ అంటూ తిట్లు తింటూ, ఆ దొంగమొహంది అంతా నేర్చేసుకుంది. యెరనూహికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. అంత గర్వం ఫ్యాక్టరీలో మంచి పనికని ఎర్రజెండా బహుమతి ఇచ్చిన రోజున కూడా కలగలేదు.

"కొంచెం గట్టిగా బిగించావు" అంది చివరికి.

"కారిన్ చెయ్యి కదా" అంది మనుషాక్, ఇటు తిరక్కుండానే.

కోటుకి మెడపట్టీ తగిలించి, పెట్టెలో మడిచిపెట్టి, కారు వెళ్ళిపోయేసరికి ఐదుంపావు అయింది. రేపటినుంచి రానని యెరనూహి చెప్పింది. కొత్తవాళ్ళకి నేర్పడానికైనా రమ్మని ఆర్పినే బతిమాలింది. నేర్పేవాళ్ళు ఉండగా తనెందుకని, ఎదురు కుర్చీ వైపు గడ్డం చూపించి, కోటు తొడుక్కుంది. మణికట్టు పట్టీలు ఎక్కడిదాకా వచ్చాయో మనుషాక్‌కి చెప్పింది, పదకొండో వరుస అయింది, ఇంకా ఐదు ఉన్నాయి. ఆర్పినే బస్సు దాకా వస్తానంది. యెరనూహి వద్దంది, దారి కాళ్ళకి తెలుసంది. మంచులో గోడ పక్కగా, తొందరేమీ లేకుండా, పది అడుగుల తరవాత ఎవరికీ గుర్తుండని మనిషిలాగే నడిచి వెళ్ళిపోయింది.

మనుషాక్ దీపం బల్ల దగ్గరికి లాక్కుని పన్నెండో వరుస మొదలుపెట్టింది. దీపం వెలుగులో, మధ్యాహ్నం తను కొరికి తీసేసిన ఉచ్చు ముక్క గోధుమరవ్వ గింజంత తెల్లగా బల్ల మీదే ఉంది. దాని కొసన ముడి ఇంకా బిగిసే ఉంది.